సరదా ముందు సీటుది, ప్రమాదం వెనక సీటుది

పెళ్ళి భోజనాలయ్యాక షామియానా కింద కుర్చీలు గుండ్రంగా లాక్కుని కూర్చున్నాం. మాటల్లో ఎవరో ఓ చిక్కుప్రశ్న వేశారు. "ఇద్దరు బండి మీద బయల్దేరాలి. ఇంట్లో హెల్మెట్ ఒక్కటే ఉంది. ఎవరు పెట్టుకోవాలి?" ప్రశ్న పూర్తవకముందే నలుగురు ఒకేసారి "నడిపేవాడే" అనేశారు. ఎందుకో చెప్పమంటే మా బాబాయి వరసాయన కిళ్ళీ ఓ బుగ్గకి తోసి, "కెమెరాకి దొరికేది ముందువాడే కదరా" అన్నాడు. అందరం నవ్వాం.

ఆ తర్వాత ఓ రోజు పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తుంటే కింద మూలన ఓ చిన్న వార్త కనపడింది. భర్త బండి నడుపుతున్నాడు, స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక కూర్చున్న భార్య జారిపడింది, తలకి దెబ్బ తగిలి ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే పోయింది. భర్తకి ఏమీ కాలేదు. నాలుగు వాక్యాల వార్త. ఇలాంటివి జిల్లా పేజీల్లో ఎప్పుడూ ఉంటూనే ఉంటాయి, ఒకసారి కంటపడ్డాక మాత్రం వరసగా కనపడటం మొదలవుతుంది. ఊరి పేరు మారుతుంది, స్పీడ్ బ్రేకర్ బదులు గుంత ఉంటుంది, కొన్నిట్లో చక్రంలో చిక్కుకున్న చీర కొంగో, చున్నీయో ఉంటుంది.

బాబాయి మాటకి నవ్వినందుకు నాకేమీ సిగ్గుగా లేదు, జోకు జోకే. కానీ మోటార్ సైకిల్ గురించి మనం మాట్లాడుకునేదంతా అలాగే ఉంటుందని మాత్రం అప్పుడే తట్టింది. నడిపేవాడి స్వేచ్ఛ, నడిపేవాడి సరదా, నడిపేవాడి ప్రాణం, నడిపేవాడి చలానా. రిస్కుకి తగ్గ ఆనందం ఉందా అని లెక్కలు వేస్తే రెండూ ఒకే మనిషి ఖాతాలో వేసేస్తాం. మన రోడ్ల మీద బండికి ఇద్దరు, ముగ్గురు. ఆనందంలో పెద్ద వాటా ముందు కూర్చున్నవాడిది. ప్రమాదంలో పెద్ద వాటా వెనక కూర్చున్నవాళ్ళదని నా అనుమానం. అనుమానమనే ఎందుకంటున్నానో కిందకొచ్చాక చెప్తాను.

ముందు కూర్చున్నవాడికి దక్కేది

నేను బండంటే పడనివాణ్ణేమీ కాదు. అది ముందే చెప్పకపోతే ఇదంతా ఓ పెద్దమనిషి సుద్దులనుకుంటారు.

రంపచోడవరం దాటి మారేడుమిల్లి వెళ్ళి, అక్కణ్ణుంచి చింతూరు వైపు ఘాట్ రోడ్డు ఎక్కితే పొద్దున్నపూట ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు. మలుపు ముందే సెకండ్ గేర్‌లోకి దింపి యాక్సిలరేటర్ వదిలేస్తే, బ్రేకుతో పనిలేకుండా ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. చెట్ల నీడలోకి వెళ్ళగానే ముంజేతులకి చల్లగా తగులుతుంది, ఎండలోకి రాగానే పోతుంది. కనపడని మలుపు అవతల బస్సు హారన్ కొడితే, అది ఎంత దూరంలో ఉందో చెవి లెక్కేసేస్తుంది. ఆ రెండు గంటలూ ఇంటి లోను, ఆఫీసు గొడవ, పిల్లాడి మార్కులు ఏవీ బుర్రలోకి రావు. వస్తే పడతాం. కారులోనో బస్సులోనో అదే రోడ్డు మీద వెళ్తూ ఇవన్నీ ఆలోచిస్తూనే ఉంటాం. నాకు బండి ఇచ్చేది ఇదే. వేగం కుర్రవాళ్ళ సంగతి, నా వయసుకి ఈ ధ్యాసే చాలు.

ఇది షోకు సంగతి. అసలు సంగతి వేరే ఉంది. 1985లో హీరో హోండా సీడీ100 వచ్చింది, ఆ ఏడే యమహా ఆర్‌ఎక్స్100 కూడా వచ్చింది. రెండోది సినిమాలకీ కాలేజీ కుర్రాళ్ళకీ పోతే, మొదటిది దేశం తలరాత మార్చింది. లీటరు పెట్రోలు పోస్తే ఎంత దూరం పోతుందో చూసి బండి కొనడం దాంతోనే ఊపందుకుంది. 2018-19లో దేశంలో 2 కోట్ల 10 లక్షలకి పైగా టూవీలర్లు అమ్ముడుపోయాయి. వాటిలో ఘాట్ రోడ్లెక్కేవి ఎన్నో ఉండవు. అవన్నీ బడికి, సంతకి, పొలానికి, షిఫ్టుకి. ఆఖరి బస్సు పోయిన పల్లెలో పురిటి నొప్పులొస్తే గుమ్మం ముందున్నది బండే. ఇంత మేలు చేసిన యంత్రాన్ని పట్టుకుని "ప్రమాదకరం, మానేయండి" అనడం కడుపు నిండినవాడి మాట. ఆ మాట నేననను.

వెనక ఏం జరుగుతుందంటే

స్పీడ్ బ్రేకర్ దగ్గరికే వద్దాం. నడిపేవాడికి అది దూరం నుంచే కనపడుతుంది. తెలియకుండానే మోచేతులు బిగుస్తాయి, మోకాళ్ళు ట్యాంకుని నొక్కుతాయి, నడుము సర్దుకుంటుంది. వెనకామెకి కనపడేది ఆయన చొక్కా, మెడ. ముందు చక్రం ఎక్కి దిగాకే ఆమెకి సంగతి తెలుస్తుంది, అప్పటికి వెనక చక్రం ఎక్కుతుంటుంది. ఆమె కూర్చున్నది సరిగ్గా దాని మీద. అసలు ఎత్తి కుదేసేది అదే. ఒకవైపు కాళ్ళు వేసి కూర్చుంటే పట్టుకోడానికి ట్యాంకు లేదు, ఆనుకోడానికి ఏమీ లేదు. ఒక చెయ్యి ఆయన భుజం మీద, రెండో చేతిలో సంచో, పిల్లో. పడితే వెనక్కే పడుతుంది. ముందుకి పడేవాడికి చేతులైనా అడ్డుపెట్టుకునే వీలుంటుంది, వెనక్కి పడేవాళ్ళకి తల వెనక భాగమే ముందు తారుకి తగులుతుంది. బండి వేగం ముప్ఫై కూడా ఉండక్కర్లేదు.

ఇవన్నీ ఎవరికీ తెలియని రహస్యాలేం కాదు. వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకోడానికి పిడి, పాదాలు ఆనించుకోడానికి ఫుట్‌రెస్ట్, వెనక చక్రంలో సగమైనా కప్పేలా అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. బట్టలు చక్రంలో చిక్కుకోకుండా అని కారణం కూడా రాశారు. మనం శారీ గార్డు అనేది దాన్నే. మా వీధి చివర మెకానిక్ షాపులో ఓ మూల తుప్పుపట్టిన శారీ గార్డుల గుట్ట ఉండేది. కొత్త బండి కొన్న కుర్రాళ్ళు మొదటి వారమే వచ్చి "లుక్ పాడవుతోందన్నా, పీకెయ్" అంటారట. ఇన్నెందుకు దాచావయ్యా అని అడిగితే మెకానిక్ నవ్వి, "పెళ్ళయ్యాక మళ్ళీ వస్తారు సార్, బిగించమని" అన్నాడు. అందరూ వస్తారా అంటే, "వచ్చేవాళ్ళు వస్తారు" అని పానా తీసుకుని పనిలో పడ్డాడు.

హెల్మెట్ల దుకాణంలోనూ ఇదే వరస. భార్యాభర్తలు వస్తారు. ఆయన రెండు మూడు వేలది మొహమంతా కప్పేది తీసుకుని అద్దం పైకీ కిందకీ వేసి చూసుకుంటాడు. ఆవిడకి మూడు వందల టోపీ. దాన్ని దుకాణాల్లో "చలానా హెల్మెట్" అనే అంటారు, అమ్మేవాడికీ కొనేవాడికీ అది ఎందుకో తెలుసు. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ అమ్మకూడదు. ఆ మార్కు స్టిక్కరు రోడ్డు పక్క టోపీలకీ అంటించి ఉంటుందనుకోండి.

అంకె ఒకటి చెప్తాను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అందులో హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు 50,029 మంది. వీళ్ళలో నడిపేవాళ్ళు 35,692, వెనక కూర్చున్నవాళ్ళు 14,337. ప్రతి ఏడుగురిలో ఇద్దరు వెనకవాళ్ళు.

ఈ అంకె నా వాదనకి ఎదురు తిరుగుతుంది కదా అని మీరు అడగొచ్చు. పోయినవాళ్ళలో ఎక్కువమంది ముందువాళ్ళే కదా. నిజమే, అందుకే పైన అనుమానం అన్నాను. కానీ ఊళ్ళో తిరిగే బళ్ళలో ఒక్కరే వెళ్ళేవి చాలా ఉంటాయి. ఇద్దరున్న బండి పడితే ఎవరికి ఎక్కువ దెబ్బ తగులుతుందో తెలియాలంటే ఇద్దరున్న బళ్ళే వేరుగా తీసి లెక్కకట్టాలి, ఈ అంకెలో అది లేదు. కాబట్టి దీన్ని పట్టుకుని నేను గెలిచాననను. ఒక్క ఏడాదిలో, తమ చేతిలో హ్యాండిల్ గానీ బ్రేకు గానీ లేని పద్నాలుగు వేలమంది, తలకి ఏమీ లేకుండా పోయారన్నది మాత్రం నాకు మింగుడు పడటం లేదు.

వెనకంటే మేడమ్‌కా సార్?

పాత బండికి ఇన్సూరెన్సు కట్టడానికి ఏజెంటు దగ్గరికెళ్ళాను. బండి పాతబడ్డాక అందరూ చేసేదే, థర్డ్ పార్టీ ఒక్కటే, అంటే మన బండి వల్ల బయటివాళ్ళకి జరిగే నష్టానికి మాత్రమే కట్టి ఊరుకోవడం. కాగితం నింపుతుంటే అడిగాను, వెనక కూర్చున్నవాళ్ళకి ఇందులో ఏమొస్తుందని.

పెన్ను ఆపాడు. "వెనకంటే మేడమ్‌కా సార్?"

"ఎవరికైనా."

"థర్డ్ పార్టీ ఒక్కటే అయితే ఏం రాదు సార్. అయినా ఇదెవరూ అడగరు."

ఆయన చెప్పింది సరైనదే. తప్పు ఎదుటి బండిదైతే ఆ బండి ఇన్సూరెన్సు నుంచి వెనకామెకి పరిహారం వస్తుంది. మన బండి మనమే ఇసకలో జార్చి పడేస్తే మాత్రం, థర్డ్ పార్టీ పాలసీ వెనక కూర్చున్న మనిషికి వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో తేల్చింది. అదే జారుడులో రోడ్డున పోయేవాణ్ణి గుద్దితే అతనికి కంపెనీ కడుతుంది. యజమానే నడుపుతూ పోతే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంది, అది తప్పనిసరి కూడా. మన బండి నష్టానికి కూడా వర్తించే పూర్తి పాలసీ, అంటే ప్యాకేజీ పాలసీ ఉన్నవాళ్ళ పరిస్థితి నయం, అందులో వెనకవాళ్ళకీ ఉంటుంది. దేశంలో తిరిగే పాత బళ్ళలో ప్యాకేజీ పాలసీ ఉన్నవి ఎన్ని ఉంటాయో మీరే ఊహించుకోండి. బండి గుద్దిన మూడో మనిషికి, బండి సొంతదారుకి కాగితం మీద ఓ గడి ఉంది. మధ్యలో ఆయన భుజం పట్టుకుని కూర్చున్నామె ఏ గడిలోనూ లేదు.

చట్టం పుస్తకంలో మాత్రం ముందు సీటూ వెనక సీటూ ఒకటే. నాలుగేళ్ళు దాటిన ఎవరైనా బండెక్కితే హెల్మెట్ ఉండాలి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు అని 2019 సవరణలో ఉంది. నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఎక్కించుకుంటే బెల్టుతో నడిపేవాడికి కట్టుకోవాలి, తొమ్మిది నెలలు దాటిన పిల్లకి హెల్మెట్ పెట్టాలి, వేగం 40 దాటకూడదు. ఇది 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న రూలు. ఆ బెల్టు కోసం ఊళ్ళో దుకాణాలు తిరిగాను. ఒకాయన స్కూలు బ్యాగు చూపించాడు, ఇంకొకాయన "కుక్కపిల్లకా సార్?" అన్నాడు.

కొత్త బండితోపాటు రెండు హెల్మెట్లు ఇచ్చి తీరాలని 2025 జూన్‌లో కేంద్రం ముసాయిదా వేసింది. అమల్లోకి వస్తే మంచిదే. రెండోది అటక మీదకి పోకుండా చూడాల్సింది మాత్రం కేంద్రం కాదు.

రాసిపెట్టి ఉంటే

మా స్నేహితుడొకడు పెద్ద బండి మీద లడఖ్ దాకా వెళ్ళొచ్చినవాడు. ఈ గోలంతా విని ఒకే మాటన్నాడు. "రాసిపెట్టి ఉంటే బాత్రూంలో జారిపడైనా పోతాం. దానికి భయపడి కూర్చుంటామా?" ఈ వేదాంతం మీద నాకు గౌరవమే. తన తల గురించి తను అనుకున్నంతవరకు దానికి ఎదురు చెప్పలేను. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

2021 సెప్టెంబర్లో సాయిధరమ్ తేజ్ బండి కేబుల్ బ్రిడ్జి దగ్గర స్కిడ్ అయినప్పుడు వారం రోజులు టీవీల్లో ఒకటే చర్చ. వేగమెంత, ఇసక ఎక్కడిది, బండి ఎన్ని సీసీలు. హెల్మెట్ ఉంది, రోజులతరబడి స్పృహ లేకుండా ఉండి కూడా కోలుకుని మళ్ళీ సినిమాలు చేస్తున్నాడు. ఆ చర్చల్లో ఎవరూ అనని మాట ఒకటుంది. వెనక ఎవరూ లేరు. తన బండి, తన తల. రిస్కు గురించి మనం చేసే వాదనలన్నీ ఇలాంటి బండినే తలుచుకుని చేస్తాం. ఒక్కడు, హెల్మెట్, పెద్ద ఇంజను. సందు చివర స్పీడ్ బ్రేకర్ ఎక్కే నూరు సీసీల బండి మీద భర్త, భార్య, మధ్యలో పిల్ల, ట్యాంకు మీద ఇంకో పిల్ల ఉంటారు. రాసిపెట్టి ఉంటే అనే మాట ఆ నలుగురి తరఫునా ఒక్కడే అనేస్తున్నాడు.

ఆవిడ మాట

ఇంతవరకు రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. సగంలోనే ఆపింది.

"అయితే ఏమంటారు, కారు కొనేదాకా నన్ను ఇంట్లో కూర్చోమంటారా?"

అలా అనలేదన్నాను.

"నాకూ సరదాగానే ఉంటుంది. సరదా అంతా మీదేననుకోకండి. మీరు చెప్పకుండా బ్రేకు వేస్తేనే చిరాకు. గుంత వస్తోందని ఒక్క మాట అంటే ఏం పోయింది?"

ఈ మాటకి నా వాదన కొంచెం పక్కకి జరగక తప్పలేదు. వెనక సీటంటే వట్టి మూట కాదు. పెళ్ళైన కొత్తలో ఇద్దరం ఒకే బండి మీద ఊరంతా తిరిగిన జ్ఞాపకాల్లో ఆమె వాటా ఆమెకుంది. అదీగాక, ఆడవాళ్ళని ఎప్పటికీ వెనక సీటులోనే చూడటం నాలాంటి వయసువాళ్ళ చూపు. తొంభైల్లో స్కూటీ వచ్చాక మా చెల్లెలి ఈడువాళ్ళు ముందు సీటుకి వచ్చేశారు. ఇప్పుడు మా వీధిలో పొద్దున్నే బడికి పిల్లల్ని దింపేది తల్లులే. హెల్మెట్ ప్రచారాలన్నీ కలిసి చేసిన మేలు కంటే ఆ గేర్లులేని బండి చేసిన మేలు ఎక్కువేమో. హ్యాండిల్ చేతికొచ్చిన మనిషికి స్పీడ్ బ్రేకర్ ముందే కనపడుతుంది. అయితే ఆ తల్లుల వెనక నిలబడ్డ పిల్లలకి హెల్మెట్ ఉండదు, అత్తగార్లకీ ఉండదు. సీటులోకి వచ్చిన మనిషి మారారు, సీటు మాత్రం అలాగే ఉంది.

ఇంతకీ ఒక్క హెల్మెట్ ఎవరికి?

నడిపేవాడికే ఇవ్వాలనడానికి చలానా కాని కారణం కూడా ఉంది, అది గట్టిదే. రాత్రిపూట కంట్లో పురుగు పడితే, లారీ టైరు నుంచి రాయి ఎగిరి నుదుటికి తగిలితే, పడేది ఇద్దరూ. ముందువాడి చూపు బాగుండటం వెనకామెకీ రక్షణే.

అయినా నేను వెనకకే ఇస్తాను. ముందువాడి దగ్గర హెల్మెట్ కాక ఇంకా చాలా ఉన్నాయి. కళ్ళ ముందు రోడ్డుంది, వేళ్ళ కింద ముందు బ్రేకుంది, వేగం తగ్గించుకునే స్వేచ్ఛ ఉంది. తలకేమీ లేదని తెలిస్తే ముప్ఫైలోనే పోతాడు. వెనకామె చేతిలో ఆ భుజం తప్ప ఇంకేమీ లేదు. ఈ సూత్రాన్ని ఊరందరికీ చెప్పను, చెప్తే ముందువాళ్ళు హెల్మెట్ తీసేసి "త్యాగం చేశాం" అంటారు. ఊళ్ళో బస్సుంటే, ఆటో ఉంటే, ఒక్క హెల్మెట్‌కి ఒక్క మనిషే. అవేవీ లేనిచోట, పోక తప్పనప్పుడు, అది వెనక తలకి. ఘాట్ రోడ్డు మాత్రం ఒంటరిగానే. అక్కడ నేను వెళ్ళేది నా సరదాకి, దానికి ఇంకొకరి తలని జామీను పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇంకా తేలనిది మా అమ్మ విషయం. ఆమెకి కొప్పు ఉంది. మొహమంతా కప్పే హెల్మెట్ కొప్పు మీదుగా దిగదు, దిగినా తల వెనక ఎత్తుగా నిలబడి స్ట్రాపు బిగవదు. సగం తెరిచి ఉండేది పెడితే ముందుకి జారి కళ్ళ మీదకొస్తుంది. దుకాణంవాడు కొప్పు కిందకి దించి వేసుకోమన్నాడు. మెడ మీద కొప్పేమిట్రా, పెళ్ళికూతుర్నా అని కోప్పడింది. కొప్పున్న తలకి సరిపడే హెల్మెట్ కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను. ప్రస్తుతానికి గుడికి ఆటో పిలుస్తున్నాను. గుమ్మం ముందు బండి పెట్టుకుని ఆటోవాడికి రానూపోనూ డబ్బులు పోస్తానంటే, "మీ నాన్న నన్ను చేతక్ మీద ఎక్కడెక్కడికి తిప్పాడో తెలుసా నీకు?" అని రోజూ తిడుతుంది. తిట్టి, ఆటో ఎక్కుతుంది.